‘వీల్‌చైర్ కావాలి’ అంటే సరిపోదు: విమాన ప్రయాణంలో దివ్యాంగులు సాయం అడగవలసిన పద్ధతి

మా అక్కకు పసితనంలోనే పోలియో సోకింది. రెండు కాళ్లకూ కాలిపర్లు తగిలించుకుని, చంకకర్రల ఊతంతో ఇంట్లో పది పదిహేను అడుగులు వేయగలదు గానీ మెట్లు ఎక్కలేదు. ఆమెను తొలిసారి రేణిగుంట నుంచి హైదరాబాదుకు విమానంలో తీసుకువెళ్లినప్పుడు, టికెట్టు కొనే చోట ‘వీల్‌చైర్ కావాలి’ అన్న గడిలో నేనే గుర్తు పెట్టాను. ఆ రోజు వీల్‌చైర్ సమయానికి వచ్చింది, తోసే మనిషీ వచ్చాడు, తనిఖీ కూడా ఇబ్బంది లేకుండా ముగిసింది. తీరా విమానం దగ్గరకు చేరేసరికి ఎదురుగా నిచ్చెన మెట్లు కనిపించాయి. “మీరు ఎక్కగలరనే మా జాబితాలో ఉందమ్మా” అన్నాడు అక్కడున్న ఉద్యోగి. చివరకు ఇద్దరు మనుషులు ఆమెను చేతుల మీద ఎత్తి పైకి చేర్చారు. అంతమంది చూస్తుండగా అలా మోయించుకోవలసి రావడం ఆమెను ఎంత బాధించిందో, హైదరాబాదులో దిగేదాకా ఆమె ఒక్క మాట కూడా మాట్లాడకపోవడంతో నాకు తెలిసింది.

ఆ తర్వాత మేము చాలాసార్లు ప్రయాణించాము. మళ్లీ ఎవరూ ఆమెను చేతులతో ఎత్తవలసిన అవసరం రాలేదు. విమానాలు మారలేదు, మనుషులూ మారలేదు. మేము సాయం అడిగే పద్ధతి మారింది. ఏ మాట ఎవరికి ఎప్పుడు చెప్పాలో తెలియక ఇబ్బంది పడుతున్న కుటుంబాలు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి కాబట్టి, మాకు తెలిసినదంతా వరుసగా రాస్తున్నాను.

మూడు రకాల వీల్‌చైర్ సేవ

విమాన సంస్థల లెక్కలో వీల్‌చైర్ సేవ ఒకటి కాదు, మూడు రకాలు. ఒక్కొక్కదానికి నాలుగు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తులు ప్రపంచమంతటా అన్ని సంస్థలకూ ఒకటే. టికెట్టు వివరాల్లో ఏ గుర్తు చేరితే విమానాశ్రయంలో ఆ మేరకే ఏర్పాటు జరుగుతుంది కనుక, ఈ మూడింటి మధ్య తేడా తెలుసుకోవడమే అన్నింటికన్నా ముఖ్యమైన పని.

మొదటిది డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు ఎక్కి దిగగలిగి, విమానం లోపల తన సీటు దాకా నడవగలిగి, ఎక్కువ దూరం మాత్రం నడవలేని వారికి ఇది వర్తిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు సాధారణంగా ఈ తరగతిలోకి వస్తారు. రెండవది డబ్ల్యూసీహెచ్ఎస్. మెట్లు ఎక్కలేరు గానీ, విమానం తలుపు దాకా చేర్చితే అక్కడి నుంచి సీటు వరకు మెల్లగా నడుచుకుంటూ పోగలిగిన వారికి ఇది. మూడవది డబ్ల్యూసీహెచ్‌సీ. బొత్తిగా నడవలేని వారిని సీటు దాకా చేర్చి కూర్చోబెట్టి, దిగేటప్పుడు మళ్లీ సీటు దగ్గర నుంచే తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు ఈ గుర్తు పెట్టాలి. చివరి అక్షరాలు వరుసగా ర్యాంపును, స్టెప్పులను, క్యాబిన్‌ను సూచిస్తాయని గుర్తుంచుకుంటే తికమక ఉండదు.

ఏమీ చెప్పకుండా వీల్‌చైర్ అని మాత్రమే అడిగినప్పుడు చాలా సందర్భాల్లో మొదటి గుర్తే పడుతుంది. మా అక్క విషయంలో జరిగింది అదే. ఆమెకు కావలసింది రెండవది. కాలిపర్లు విప్పి కూర్చోవలసిన దూరప్రయాణాల్లో అయితే మూడవదే అడుగుతున్నాము. మన వాళ్లలో ఒక మొహమాటం ఉంది. ‘ఏదో కొంచెం నడుస్తారులెండి, సర్దుకుంటాము’ అని, ఉన్న ఇబ్బందిని తగ్గించి చెబుతారు. విమానం దగ్గర ఆ సర్దుబాటుకు చోటు ఉండదు. శరీరం బాగా అలసిన రోజున ఎంత నడవగలరో అంతే నడవగలరని చెప్పాలి.

వీల్‌చైర్‌తో సంబంధం లేని గుర్తులు కూడా ఉన్నాయి. చూపు లేనివారికి బీఎల్ఎన్‌డీ, వినికిడి లేనివారికి డీఈఏఎఫ్, బుద్ధిమాంద్యం లేదా ఆటిజం వంటి ఎదుగుదల లోపాలున్న వారికి డీపీఎన్ఏ, నడవగలిగినా దారి చూపి తోడుగా నడిచే మనిషి కావలసిన వారికి ఎంఏఏఎస్ అనే గుర్తులు వాడతారు. ఈ చివరిదాని గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు, ఇంగ్లీషు రాదని, దారి తెలియదని, చక్కగా నడవగలిగినా వీల్‌చైర్ అడగడం మన వైపు మామూలైపోయింది. వారి భయం నిజమైనదే. కానీ ఆ భయానికి తగిన సేవ ఎంఏఏఎస్. 2024 ఫిబ్రవరిలో న్యూయార్కు నుంచి ముంబైలో దిగిన ఒక వృద్ధ దంపతులకు రెండు వీల్‌చైర్లకు బదులు ఒకటే దొరకగా, భార్యను అందులో కూర్చోబెట్టి వెంట నడిచిన 80 ఏళ్ల పెద్దాయన ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి మరణించారు. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఆ విమాన సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించింది. తగినన్ని వీల్‌చైర్లు సమకూర్చే బాధ్యత సంస్థదే, అందులో సందేహం లేదు. అయినా అవసరం లేనివారు ఆక్రమించే ప్రతి వీల్‌చైర్, అవసరమున్న మరొకరికి అందడం ఆలస్యమవుతుందని మనమూ గుర్తించాలి.

టికెట్టు దగ్గరే సగం పని

సాయం కావాలన్న సంగతిని టికెట్టు కొనేటప్పుడే తెలపడం మంచిది. ఏ కారణం చేతనైనా అప్పుడు వీలు కాకపోతే, ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు తెలపాలని మన దేశపు నిబంధన చెబుతోంది. విమాన సంస్థ వెబ్‌సైటులో గుర్తు పెట్టి ఊరుకోకుండా, కాల్ సెంటరుకు ఫోన్ చేసి మాట్లాడాలి. మేము చెప్పే మాటలు దాదాపు ఇలా ఉంటాయి: “ప్రయాణికురాలికి పోలియో ఉంది. మెట్లు ఎక్కలేరు. తలుపు దగ్గర నుంచి సీటు దాకా ఐదారు అడుగులు వేయగలరు. సొంత వీల్‌చైర్ తెస్తున్నాము, దాని బరువు ఇంత, మడిస్తే కొలతలు ఇంత, బ్యాటరీ లేదు. డబ్ల్యూసీహెచ్ఎస్ అని నమోదు చేసి, మార్చిన టికెట్టును మెయిలులో పంపండి.” ఆ మెయిలు వచ్చి, అందులో ఆ గుర్తు కనిపించే దాకా పని పూర్తి కాలేదనే అనుకోవాలి.

ఏజెంటు దగ్గర టికెట్టు తీసుకున్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ట్రావెల్ ఏజెన్సీ వారు వీల్‌చైర్ అని రాశామంటారు, ఆ సమాచారం విమాన సంస్థకు చేరి ఉండకపోవచ్చు. పీఎన్ఆర్ నంబరు తీసుకుని నేరుగా సంస్థతోనే సరిచూసుకోవాలి. రేణిగుంట నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి మరో ఊరు అన్నట్టు మధ్యలో విమానం మారేటప్పుడు, రెండు విమానాలకూ విడివిడిగా ఆ గుర్తు పడిందా లేదా చూడాలి. తిరుగు ప్రయాణానికీ అదే పద్ధతి.

సీటు ఎంపికలో ఒక మెలిక ఉంది. ఎయిర్‌బస్ 320 వంటి విమానాల్లో ముందు తలుపు గుండా ఎక్కిస్తారు కాబట్టి ముందు వరుసలు అనుకూలం. ప్రాంతీయ మార్గాల్లో తిరిగే ఏటీఆర్-72 విమానానికి మాత్రం ప్రయాణికుల తలుపు వెనుక వైపు ఉంటుంది. ఆ తలుపే కిందికి తెరుచుకుని మెట్లుగా మారుతుంది. అందులో ముందు సీటు అడిగి తీసుకుంటే విమానమంతా నడవవలసి వస్తుంది. మీ విమానం ఏ రకమో ముందే కనుక్కుని సీటు అడగండి. అత్యవసర ద్వారాల పక్కన ఉండే వరుసలను భద్రతా కారణాల వల్ల దివ్యాంగులకు ఇవ్వరు, ఇందులో వాదించి ప్రయోజనం లేదు. వీల్‌చైర్ నుంచి సీటులోకి పక్కకు జరిగి కూర్చునే వారు, చేతిపట్టె పైకి లేచే సీటు కావాలని ప్రత్యేకంగా చెప్పాలి. అన్ని వరుసల్లోనూ అది లేవదు.

తలుపు దాకా ఎలా చేర్చుతారన్నది ఫోనులోనే అడగవలసిన మరో ప్రశ్న. కొన్ని విమానాశ్రయాల్లో టెర్మినల్ నుంచి విమానంలోకి వంతెనలా నేరుగా దారి ఉంటుంది, దాన్ని ఏరోబ్రిడ్జి అంటారు. కొన్నిచోట్ల ప్రయాణికుణ్ణి వీల్‌చైర్‌తో సహా తలుపు ఎత్తుకు లేపే అంబులిఫ్ట్ అనే వాహనం ఉంటుంది. మరికొన్నిచోట్ల మెట్లకు బదులు వాలుగా ఉండే ర్యాంపు వాడతారు. మీరు ఎక్కే చోట, దిగే చోట ఆ రోజున వీటిలో ఏది ఉంటుందో స్పష్టంగా అడిగి, జవాబును రాసి పెట్టుకోండి. నడవలేని వారిని సీటు దాకా చేర్చడానికి, సీట్ల వరుసల మధ్య సందులో పట్టే ఇరుకైన కుర్చీ ఒకటి ఉంటుంది. దాన్ని కూడా పేరు పెట్టి, ‘ఐల్ చైర్ సిద్ధంగా ఉంచండి’ అని అడగాలి.

నిబంధన మీ పక్షాన ఉంది

మన దేశంలో ఈ విషయాన్ని నడిపించే పత్రం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, జారీ చేసిన నిబంధన. దాని మూడవ సెక్షన్, ఎం సిరీస్, మొదటి భాగం పూర్తిగా దివ్యాంగుల ప్రయాణం గురించే. టికెట్టు అమ్మిన తర్వాత ఆ ప్రయాణికుణ్ణి బయలుదేరే లాంజి నుంచి విమానంలోకీ, దిగిన చోట విమానం నుంచి బయటి ద్వారం దాకానూ అదనపు ఖర్చు లేకుండా చేర్చవలసిన బాధ్యత విమాన సంస్థదేనని అందులో ఉంది. వీల్‌చైర్ తోసిన మనిషికి డబ్బు ఇవ్వవలసిన బాధ్యత మీకు లేదు. అతను చేతులు నలుపుకుంటూ నిలబడినా సంకోచపడకండి.

మా అనుభవంలో ఎక్కువ గొడవలకు కారణమయ్యేది వైద్యుడి సర్టిఫికెట్టు. ఆరోగ్యం నిలకడగా ఉండి, ఎక్కడానికీ దిగడానికీ మాత్రమే సాయం కోరుతున్న దివ్యాంగుల నుంచి వైద్య ధ్రువపత్రం గానీ ప్రత్యేక ఫారాలు గానీ అడగరాదని నిబంధన స్పష్టంగా చెబుతోంది. పోలియో వల్ల మిగిలిన వైకల్యం రోగం కాదు, ఎప్పుడో వచ్చి పోయిన రోగం మిగిల్చిన స్థితి. పుట్టుకతో వచ్చిన అంధత్వం కూడా అటువంటిదే. ఈ సంగతిని కౌంటరు దగ్గర మర్యాదగా, కానీ గట్టిగా చెప్పాలి. ఇటీవల శస్త్రచికిత్స జరిగిన వారికీ, విమానంలో ఆక్సిజన్ అవసరమైన వారికీ, స్ట్రెచర్ మీద పడుకుని ప్రయాణించే వారికీ, అంటువ్యాధి ఉన్నవారికీ మాత్రం వైద్యుడు నింపిన ఫారం తప్పనిసరి. దాన్ని మెడిఫ్ అంటారు. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలోనో, చిత్తూరు నుంచి దగ్గరగా ఉన్న వెల్లూరు ఆసుపత్రిలోనో చికిత్స పొంది విమానంలో తిరిగి వెళ్లే రోగులు, డిశ్చార్జికి ముందే ఆ ఫారాన్ని విమాన సంస్థ నుంచి తెప్పించుకుని వైద్యుడి చేత నింపించుకోవాలి. ఇంటి దగ్గర వాడే ఆక్సిజన్ సిలిండరును వెంట తీసుకువెళ్లవచ్చని అనుకోకండి. ఆక్సిజన్ ఏర్పాటు ఏదైనా సంస్థ ముందస్తు అనుమతితోనే జరగాలి.

2022 మే నెలలో రాంచీ విమానాశ్రయంలో ప్రత్యేక అవసరాలున్న ఒక బాలుడిని భయపడుతున్నాడన్న కారణంతో విమానం ఎక్కనివ్వలేదు. డీజీసీఏ ఆ సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా వేసి, అదే ఏడాది నిబంధనను సవరించింది. సవరించిన నిబంధన ప్రకారం వైకల్యం కారణంగా ఎవరినీ నిరాకరించరాదు. ప్రయాణంలో ఆరోగ్యం చెడిపోతుందని సంస్థకు అనుమానం వస్తే, విమానాశ్రయంలో వైద్యుడి చేత పరీక్ష చేయించి, ఆ వైద్యుడు ఇచ్చిన అభిప్రాయం మీదే నిర్ణయం తీసుకోవాలి. కౌంటరులో కూర్చున్న ఉద్యోగికి తోచినది నిర్ణయం కాదు. ‘వైద్యుణ్ణి పిలిపించండి, నిరాకరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వండి’ అన్న రెండు కోరికలు ఆ సమయంలో నోటికి రావాలి.

దీనికి పదేళ్ల ముందు, 2012 ఫిబ్రవరిలో, మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్ అనే సామాజిక కార్యకర్తను కోల్‌కతాలో, సీటులో కూర్చున్న తర్వాత విమానం నుంచి దింపేశారు. ఆమె గోవాలో జరిగే ఒక సదస్సుకు వెళుతున్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2016 మే నెలలో న్యాయస్థానం ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇమ్మని తీర్పు చెబుతూ, దివ్యాంగుల గౌరవం దయ వల్ల దక్కేది కాదు, హక్కు వల్ల దక్కేదన్న భావాన్ని విస్తారంగా వివరించింది. అదే సంవత్సరం చివర దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 21 రకాల వైకల్యాలు ఆ చట్టం పరిధిలో ఉన్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు ఉన్నవారు వాటి ఫోటో ప్రతులను ఫోనులో పెట్టుకోవడం మంచిది. కొన్ని సంస్థలు ఇచ్చే రాయితీలకు అవి చూపించాలి, మాట పట్టింపు వచ్చిన చోట కూడా అవి పనికివస్తాయి.

సొంత వీల్‌చైర్, బ్యాటరీ

తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో కొలత తీసి చేయించుకున్న కాలిపరు గానీ, కృత్రిమ కాలు గానీ, ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైన వీల్‌చైర్ గానీ సామాను కాదు. శరీరంలో భాగం. సహాయక పరికరాలను 15 కిలోల వరకు, మామూలు సామాను పరిమితికి అదనంగా, ఉచితంగా తీసుకువెళ్లవచ్చు. చెక్ఇన్ కౌంటరులో వీల్‌చైర్ అప్పగించి తమ కుర్చీలోకి మారమని అడుగుతారు. మీ కుర్చీలోనే విమానం దగ్గర దాకా వెళ్లాలనుకుంటే ఆ మాట చెప్పండి. అప్పుడు కుర్చీకి ట్యాగు కట్టి, విమానం దగ్గర తీసుకుని, కింది సామాను గదిలో పెడతారు. వీపు, నడుము నిలవని వారికీ, కూర్చుంటే పుండ్లు పడే ప్రమాదం ఉన్నవారికీ ఇది సౌకర్యం కోసం కోరే కోరిక కాదు, ఆరోగ్యానికి అవసరం.

అప్పగించే ముందు వీల్‌చైర్‌ను నాలుగు వైపుల నుంచి ఫోటో తీయండి. పాదాల పలకలు, పక్క పట్టీలు, మెత్త వంటి ఊడివచ్చే భాగాలన్నీ తీసి సంచిలో వేసి విమానంలోకి తెచ్చుకోండి. మెత్తను సీటు మీద వేసుకుని కూర్చోవచ్చు. కుర్చీ ఎలా మడవాలో, ఎక్కడ పట్టుకుని ఎత్తకూడదో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి అతికించండి. మేము తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ, హిందీలోనూ రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, వెనుక కట్టేశాము. ఆ కాగితం కట్టిన నాటి నుంచి చక్రం వంగలేదు.

బ్యాటరీతో నడిచే వీల్‌చైర్ అయితే బ్యాటరీ రకం చెప్పకుండా విమానాశ్రయానికి వెళ్లవద్దు. ద్రవం ఒలకని జెల్ రకం బ్యాటరీ అయితే సాధారణంగా కుర్చీకే గట్టిగా బిగించి ఉంచి, తీగలు తగలకుండా జాగ్రత్త చేసి పంపుతారు. లిథియం అయాన్ బ్యాటరీ ఊడదీసే రకమైతే, దాన్ని తీసి ప్రయాణికుడు తన వెంట క్యాబిన్‌లోకి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకునే బ్యాటరీ శక్తి 300 వాట్ అవర్లకు మించకూడదు. విడిగా ఒక స్పేరు బ్యాటరీ ఉంటే దానికీ 300 పరిమితే, లేదా 160కి మించనివి రెండు తెచ్చుకోవచ్చు. బ్యాటరీ మీద వాట్ అవర్లు రాసి లేకపోతే, వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించి చూడండి. 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అయితే 240, కనుక అనుమతి ఉంటుంది. 24 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లు అయితే 480 అవుతుంది, దాన్ని ఊడదీసి క్యాబిన్‌లోకి తేవడం కుదరదు. వీల్‌చైర్ కొనబోయే వారు ఈ లెక్క దుకాణంలోనే వేసుకుంటే తర్వాత చింత ఉండదు. పెద్ద కుర్చీ అయితే, చిన్న విమానంలో సామాను గది తలుపు గుండా అది పడుతుందా అని కొలతలు చెప్పి ముందుగానే కనుక్కోవాలి.

బయలుదేరే రోజు

రేణిగుంట విమానాశ్రయం తిరుపతి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. చిత్తూరు వారికి మాత్రం రోడ్డు ప్రయాణమే ఒక పెద్ద పని. పైగా చెన్నై, బెంగళూరు విమానాశ్రయాలు కూడా అందుబాటులో ఉండడం వల్ల, ఎక్కడి నుంచి ఎక్కాలన్న ప్రశ్న వస్తుంది. నా సలహా ఏమంటే, సామాన్యులు టికెట్టు ధర చూసుకుని నిర్ణయించుకోవచ్చు గానీ, నడవలేని మనిషి ఉన్నప్పుడు టెర్మినల్ లోపలి దూరాన్నీ, కారులో కూర్చోవలసిన గంటలనూ లెక్కలోకి తీసుకోవాలి. చిన్న విమానాశ్రయంలో వాకిలి నుంచి విమానం దాకా దూరం తక్కువ, మనుషులూ తక్కువ. పెద్ద విమానాశ్రయంలో యంత్ర సౌకర్యాలు ఎక్కువ, నిరీక్షణా ఎక్కువ.

మిగిలిన వారికన్నా అరగంట ముందుగా చేరుకుని, కౌంటరులో మీ గుర్తును మరోసారి పేరు పెట్టి చెప్పండి. తనిఖీ దగ్గర వీల్‌చైర్‌లో ఉన్నవారిని లేచి నిలబడమని బలవంతం చేయకూడదు. కృత్రిమ కాలు పెట్టుకున్న వారు ఆ సంగతి ముందే చెప్పి, తెర చాటున పరీక్షించమని కోరవచ్చు. మన తెలుగువారందరికీ తెలిసిన నర్తకి సుధాచంద్రన్ ప్రతి ప్రయాణంలోనూ తన కృత్రిమ కాలు విప్పించడం ఎంత అవమానకరమో 2021 అక్టోబరులో బహిరంగంగా చెప్పుకున్నప్పుడు, విమానాశ్రయ భద్రతను చూసే సీఐఎస్ఎఫ్ ఆమెకు క్షమాపణ చెప్పింది. అంతటి పేరున్న మనిషే అడగవలసి వచ్చిందంటే, మనం అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు. స్త్రీలను స్త్రీలే పరీక్షించాలి.

విమానం ఎక్కే ముందు మరుగుదొడ్డికి వెళ్లి రావడం తప్పనిసరి. చిన్న విమానాల్లో లోపలి మరుగుదొడ్డి చాలా ఇరుకు. విమానంలోని సిబ్బంది తినిపించడం, ఎత్తి కూర్చోబెట్టడం, మరుగుదొడ్డి లోపల సాయం చేయడం వంటివి చేయరు. అవి అవసరమైన వారి వెంట ఇంటి మనిషి ఒకరు ఉండాలి. వీల్‌చైర్ ప్రయాణికులను సాధారణంగా అందరికన్నా ముందు ఎక్కించి, అందరికన్నా చివర దింపుతారు. అలా ముందుగా ఎక్కించడం మరచిపోతున్నారనిపిస్తే గేటు దగ్గరే గుర్తు చేయాలి. చూపు లేనివారు, భద్రతా సూచనలు తమకు విడిగా నోటితో చెప్పి, ఆక్సిజన్ ముసుగు, లైఫ్ జాకెట్టు ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూపించమని అడగవచ్చు. శిక్షణ పొందిన గైడ్ డాగ్ ఉంటే టీకాల పత్రం చూపించి క్యాబిన్‌లోకి తెచ్చుకోవచ్చు, అది యజమాని పాదాల దగ్గర కూర్చోవాలి. వినికిడి లేనివారు, గేటు మారితే మైకులో చెప్పే మాట తమకు వినిపించదు కనుక, వచ్చి సైగ చేయమని గేటు సిబ్బందికి కాగితం మీద రాసి చూపించి, వారికి కనబడే చోటే కూర్చోవాలి. ఆటిజం ఉన్న పిల్లలకు గుంపు, హోరు పడవు. రద్దీ తగ్గాక చివరలో ఎక్కుతామని అడిగితే అదే కొందరికి మేలు.

విదేశాలకు వెళ్లేవారికి

పద్ధతి కొంచెం మారుతుంది. యూరప్‌లో 2006 నాటి 1107 నంబరు నిబంధన ప్రకారం నేల మీద సాయం చేసే బాధ్యత విమానాశ్రయానిది, సమాచారం మాత్రం విమాన సంస్థకే 48 గంటల ముందు ఇవ్వాలి. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ఆ బాధ్యత విమాన సంస్థదే. అమెరికాకు వచ్చిపోయే విదేశీ విమానాలకు కూడా అది వర్తిస్తుంది. అక్కడ సమస్య వచ్చినప్పుడు ‘సీఆర్ఓను పిలవండి’ అనాలి. సీఆర్ఓ అంటే దివ్యాంగుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారం ఉన్న ఉద్యోగి, ఆ ఉద్యోగిని ప్రతి సంస్థా విమానాశ్రయంలో గానీ, ఫోనులో గానీ అందుబాటులో ఉంచాలి. ఇంగ్లీషు రాని పెద్దవారికి ఆ మూడు అక్షరాలను ఒక చీటీ మీద రాసి ఇచ్చి పంపండి.

దిగిన తర్వాత, ఏదైనా జరిగితే

విమానం ఆగాక మీ వంతు వచ్చేదాకా సీటులోనే ఉండి, సాయం వచ్చేసిందని సిబ్బంది చెప్పాకే లేవండి. సొంత వీల్‌చైర్ చేతికి రాగానే, తొందరపెట్టినా సరే, బ్రేకులు, చక్రాలు, పాదాల పలకలు సరిచూసుకోండి. ఏ మాత్రం దెబ్బ కనిపించినా విమానాశ్రయం దాటకముందే సామాను కౌంటరులో పీఐఆర్ అనే నష్ట నివేదిక రాయించి, దాని ప్రతి తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో సామాను దెబ్బతిన్నదని 7 రోజుల లోపల రాతపూర్వకంగా తెలపకపోతే హక్కు పోతుంది. ఖరీదైన వీల్‌చైర్ అయితే, చెక్ఇన్ సమయంలోనే దాని విలువను ప్రత్యేకంగా ప్రకటించే వీలు ఉందేమో అడగండి. లేకపోతే మామూలు సామానుకు వర్తించే పరిమితి మేరకే పరిహారం ఇస్తారు.

సాయం అందకపోయినా, అవమానం జరిగినా, ముందు విమాన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, అక్కడ తేలకపోతే అప్పీలు అధికారికి మెయిలు రాయాలి. పౌర విమానయాన మంత్రిత్వ శాఖ నడిపే ఎయిర్‌సేవ యాప్‌లో కూడా అదే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద దివ్యాంగుల ప్రధాన కమిషనరుకూ, రాష్ట్ర కమిషనరుకూ ఫిర్యాదు చేసుకునే దారి ఉంది. పరిహారం కోరేవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, విమాన సంస్థ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా ముంబైలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విషయాలకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. ఫిర్యాదులో కోపం కన్నా వివరాలు ముఖ్యం. పీఎన్ఆర్ నంబరు, సాయం నమోదైన మెయిలు, ఏ సమయానికి ఎవరిని ఏమడిగారు, వారు ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నవి ఆ రోజే రాసి పెట్టుకోవాలి. మా అక్క ఇప్పుడు ఆ వివరాలన్నీ తానే రాసుకుంటుంది. ఫోనులో గొంతు తగ్గించకుండా, ‘డబ్ల్యూసీహెచ్ఎస్, ఎస్ ఫర్ స్టెప్స్’ అని తానే చెప్పి, మెయిలు వచ్చాకే పెట్టె సర్దడం మొదలుపెడుతుంది.